మొగుడిది చిన్న మోసమే: ఫిన్నిష్ సినిమా 'బ్లాక్ ఐస్'

మొగుడు ఇంకో అమ్మాయితో తిరుగుతున్నాడని తెలిస్తే పెళ్ళాం ఏం చేస్తుంది? సినిమాల్లో అయితే నిలదీస్తుంది, పుట్టింటికి వెళ్ళిపోతుంది, మరీ కోపం వస్తే విషం కలుపుతుంది. 2007లో వచ్చిన ఫిన్నిష్ సినిమా 'బ్లాక్ ఐస్'లో సారా అనే డాక్టరమ్మ ఇంకో దారి పడుతుంది. ఆ అమ్మాయి ఎవరో కనుక్కుంటుంది. మారుపేరు పెట్టుకుని వెళ్ళి ఆమెతో స్నేహం చేస్తుంది.

కథకి ఇదే ఇరుసు. ఇంతకు మించి చెబితే చూడబోయేవాళ్ళకి అన్యాయం చేసినట్టే కాబట్టి మొదటి అరగంటలో తెలిసిపోయే సంగతులే చెబుతాను. సారా గైనకాలజిస్టు, నలభయ్యో పడిలో అడుగుపెట్టింది. భర్త లియో ఆర్కిటెక్ట్, ఆర్కిటెక్చర్ పాఠాలు కూడా చెబుతాడు. చదువుకున్నవాళ్ళు, మంచి ఉద్యోగాలు, బయటినుంచి చూస్తే ఏ లోటూ లేని సంసారం. లియోకి తన దగ్గర చదువుకునే టూలి అనే అమ్మాయితో సంబంధం ఉంది. టూలి మార్షల్ ఆర్ట్స్ క్లాసు కూడా నడుపుతుంది. సారా ఆ క్లాసులో చేరుతుంది, మెల్లిగా మాటా మాటా కలుపుతుంది. టూలికి ఈ కొత్త స్నేహితురాలు తెగ నచ్చేస్తుంది. తన ప్రేమ గురించి, ఆ పెళ్ళయిన మగాడి గురించి దాచుకోకుండా చెప్పుకుంటుంది. ఎవరికి చెబుతోందో ఆమెకు తెలియదు. మనకి తెలుసు. సినిమాలో టెన్షన్ అంతా దీనిలోంచే పుడుతుంది. కత్తులు, తుపాకులు వెతుక్కునేవాళ్ళు వేరే సినిమా చూసుకోవచ్చు.

మా ఆయన పక్కనే కూర్చుని చూస్తూ సగంలో విసుక్కున్నాడు. "ఇదంతా ఎందుకు, మొగుణ్ణి సూటిగా అడిగేస్తే పోయేదిగా?"

"అడిగితే మీరయితే నిజం చెబుతారా ఏంటి?" అన్నాను.

"మధ్యలో నన్నెందుకు లాగుతావే" అని లేచి టీ పెట్టడానికి వెళ్ళాడు. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. పెళ్ళయినవాళ్ళు ఇద్దరూ కలిసి చూస్తే ఈ సినిమా పనితనం బాగా తెలుస్తుంది.

ఆయన అడిగింది తీసిపారేసే ప్రశ్న కాదు. సూటిగా అడిగితే సారాకి దొరికేదేమిటి? ఒక క్షమాపణ, నాలుగు అబద్ధాలు. ఆమెకి కావలసింది అది కాదు. ఆ ఇద్దరి మధ్య ఏముందో, తనలో ఏది లేదని అతను అక్కడికి వెళ్ళాడో మొత్తం చూడాలి. పుండుని గోకకుండా ఉండలేనివాళ్ళ తత్వం ఇది. అందుకే నా లెక్కలో ఇందులో అసలు పెద్ద మోసం లియోది కాదు. లియోది మామూలు మగాడి మోసం: ఫోను దాచుకోవడం, సాకులు చెప్పడం. సారా అలా కాదు. ఒక మనిషి నమ్మకాన్ని పునాది నుంచీ కట్టించుకుంటుంది, ఆ నమ్మకం మొత్తం అబద్ధం మీదే నిలబడి ఉంటుంది. తనకి జరిగినదాన్నే ఇంకా శ్రద్ధగా, ఇంకా తెలివిగా ఇంకొకరికి చేస్తుంది. రెండు పేర్లు, రెండు జీవితాలు, ఇంటికొచ్చి ఏమీ జరగనట్టు ఉండటం. మొగుడి మీద ఆమె మోపిన నేరం ఏదైతే ఉందో అదే తన దినచర్య అయిపోతుంది. దర్శకుడు దీన్ని ఎక్కడా మాటల్లో చెప్పించడు, మన కళ్ళ ముందే జరగనిస్తాడు.

దానికన్నా నన్ను ఇబ్బంది పెట్టిన విషయం ఇంకొకటి ఉంది. ఆ దొంగ స్నేహం మెల్లమెల్లగా నిజం స్నేహంలా తయారవుతుంది. సారా, టూలి కలిసి ఉన్న సీన్లలో ఉన్న చనువు, సారా, లియో కలిసి ఉన్న సీన్లలో లేదు. ఎవరినైనా దెబ్బ తీయాలంటే ముందు దగ్గరవ్వాలి. వాళ్ళకేం ఇష్టమో, దేనికి భయపడతారో, ఎక్కడ మెత్తగా ఉంటారో తెలుసుకోవాలి. ఒక మనిషిని అంత శ్రద్ధగా గమనించడం మొదలుపెట్టాక ద్వేషం ఎంతకాలం నిలుస్తుంది? ఒక్కోసారి సారా మొహం చూస్తే తన పథకం గురించి ఆలోచిస్తోందో, నిజంగానే ఆ పిల్ల గురించి బాధపడుతోందో తెలియదు. సారాకి కూడా తెలియదని నాకు అనిపించింది.

ఇక్కడ ఔటి మేయెన్‌పా గురించి చెప్పాలి. సారా పాత్ర ఆమెది. గొంతు పెంచదు, కళ్ళు పెద్దవి చెయ్యదు. నేను హెల్సింకి పక్కన ఎస్పోలో ఉంటాను, ఆసుపత్రిలో నర్సుని. ఆడవాళ్ళ డాక్టర్లు పేషెంటుతో మాట్లాడేటప్పుడు ఒక తీరు ఉంటుంది. ప్రశ్న చిన్నగా అడుగుతారు, జవాబు వచ్చేదాకా ఆగుతారు, విన్నది ఎంత ఘోరమైనా మొహం మీద పడనివ్వరు. మేయెన్‌పా ఆ తీరునే పట్టుకుంది. టూలి తన ప్రియుడి ముచ్చట్లు చెబుతుంటే సారా వినేది అలాగే, కన్సల్టేషన్ గదిలో కూర్చున్నట్టు. వృత్తిలో మంచికి వాడే నైపుణ్యం ఇక్కడ గూఢచారి పనికొస్తుంది. రోజూ డాక్టర్ల మధ్య తిరిగేదాన్ని కాబట్టి కాబోలు, నాకు వెన్నులో చలి పుట్టింది అక్కడే. ఈ పాత్రకి ఆమెకి ఫిన్లాండ్ సినిమా అవార్డయిన యుస్సి వచ్చింది. 1944 నుంచీ ఇస్తున్న అవార్డు అది. ఉత్తమ చిత్రం యుస్సి కూడా ఆ ఏడాది దీనికే.

టూలిగా రియా కతాయా చేసింది. ఈ పాత్ర తేలిపోయే ప్రమాదం చాలా ఉంది. 'ఇంకో ఆడది' అనగానే రచయితలు ఎర్ర లిప్‌స్టిక్, పొగరు రాసేస్తారు. ఇక్కడ అలా లేదు. ఒంట్లో బలం ఉన్న పిల్ల, క్లాసులో పదిమందికి నేర్పే పిల్ల, మనసు విషయంలో మాత్రం పసిది. దెబ్బ ఎలా కాచుకోవాలో నేర్పేది తనే, అసలు దెబ్బ ఏ వైపునుంచి వస్తోందో తెలియనిదీ తనే. ఈ వ్యంగ్యాన్ని దర్శకుడు కాస్త ఎక్కువే నొక్కాడు గానీ ఆ అమ్మాయి నటన దాన్ని కాపాడింది.

లియో సంగతికొస్తే నాకు పేచీ ఉంది. మార్తి సువోసాలో ఫిన్లాండ్‌లో రంగస్థలం మీద, హాస్య పాత్రల్లో బాగా పేరున్న నటుడు. మంచి నటుణ్ణి పెట్టుకుని అతనికి పని తక్కువ ఇచ్చారు. అతను ఎందుకు ఇలా చేశాడో, ఇద్దరిలో ఎవరినైనా నిజంగా ప్రేమించాడో లేదో సినిమా పెద్దగా పట్టించుకోదు. కావాలనే అలా వదిలేశారని వాదించవచ్చు, కథ ఇద్దరు ఆడవాళ్ళది కదా అని. సరే. కానీ అతని కోసమే ఇంత గొడవ జరుగుతుంటే, వాళ్ళిద్దరికీ అతనిలో ఏం కనిపించిందో ఒక్క సీన్లో అయినా మనకి చూపించాల్సింది.

మా వార్డులో నాతో పనిచేసే ఫిన్నిష్ ఆవిడతో ఈ సినిమా గురించి మాట్లాడాను. ఆవిడ విడాకులు తీసుకుంది. "మాకు ఇలాంటి సినిమాలే కావాలి, కోర్టులో మా కథ ఎవరూ వినరు కదా" అంది నవ్వుతూ. ఆ మాట వెనక ఇక్కడి చట్టం ఉంది. ఫిన్లాండ్‌లో వివాహేతర సంబంధం 1948 నుంచి నేరం కాదు. 1988 నుంచి విడాకులకి తప్పు ఎవరిదో నిరూపించాల్సిన పనే లేదు. ఇద్దరూ కలిసి అయినా, ఒక్కరే అయినా జిల్లా కోర్టుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆరు నెలలు ఆలోచించుకోవడానికి గడువిస్తారు, ఆ తర్వాత మళ్ళీ అడిగితే మంజూరు చేసేస్తారు. రెండేళ్ళుగా విడిగా ఉంటున్నవాళ్ళకి ఆ గడువు కూడా అక్కర్లేదు. ఎందుకు విడిపోతున్నారని కోర్టు అడగదు. ముందే ఒప్పందం రాసుకోకపోతే ఆస్తి మామూలుగా చెరిసగం, మోసం చేసినవాడికీ సగమే, మోసపోయినదానికీ సగమే.

చట్టంగా చూస్తే ఇది చాలా మంచిది. పడకగది విషయాలు జడ్జి ముందు విప్పాల్సిన అవమానం ఎవరికీ లేదు. కానీ సారాలాంటి మనిషికి ఇందులో ఒక వెలితి ఉంది. తనకి జరిగింది అన్యాయం అని రాసిచ్చే కాగితం ఈ దేశంలో ఎక్కడా దొరకదు. అందుకే విచారణ తనే మొదలుపెడుతుంది. సాక్షిని తనే వెతుక్కుంటుంది, వాంగ్మూలం తనే తీసుకుంటుంది, శిక్ష కూడా తనే ఖాయం చేస్తుంది. ఇలా చూస్తే ఈ పగ కథ ఫిన్లాండ్‌లోనే పుట్టాల్సిన కథ. తప్పొప్పులు తేల్చే పెద్దమనుషులు, బంధువులు చుట్టూ ఉన్న చోట సారా ఇంత ఒంటరిగా ఇంత దూరం వెళ్ళేది కాదేమో.

ఇంకో అనుమానం చాలామందికి వస్తుంది, మా ఆయనకీ వచ్చింది. తన ప్రియుడి భార్య ఎవరో ఆ పిల్లకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఇక్కడి పద్ధతులు తెలిస్తే ఇది అంత విడ్డూరం కాదు. పెళ్ళయినా ఎవరి ఇంటిపేరు వాళ్ళు ఉంచుకోవచ్చని 1986 నుంచి చట్టం ఉంది, అలా ఉంచుకునేవాళ్ళు ఎంతోమంది. యూనివర్సిటీలో పాఠం చెప్పేవాళ్ళని కూడా విద్యార్థులు పేరు పెట్టే పిలుస్తారు. వాళ్ళ కుటుంబాల గురించి ఎవరూ ఆరా తీయరు, తీస్తే మర్యాద కాదు. పక్క ఫ్లాట్‌లో ఎవరున్నారో కూడా పట్టించుకోకుండా ఏళ్ళు గడిచిపోతాయి. అలాగని దాక్కోవడం సులువనీ కాదు. అపార్ట్‌మెంట్లలో ఇంటి తలుపుకి ఉత్తరాలు వేసే సందు ఉంటుంది, దానిమీద ఇంటిపేరు రాసి ఉంటుంది. కింద మెట్ల దగ్గర బోర్డు మీద కూడా అందరి పేర్లూ ఉంటాయి. మారుపేరుతో తిరిగేవాళ్ళు స్నేహితుల్ని ఇంటికి పిలవాలంటే ముందు తలుపు సంగతి చూసుకోవాలి. అయితే సినిమా 2007 నాటిది. ఇప్పుడైతే సారా నాటకం మొదటి కాఫీ దగ్గరే ముగిసేది. టూలి ఫోన్ తీసి పేరు కొట్టి చూసేది, భార్యాభర్తల ఫొటో ఎక్కడో ఒకచోట దొరికేది. ఈ కథని ఇవాళ తీయాలంటే సగం స్క్రిప్టు మార్చుకోవాలి.

పేరు సంగతి. ఇక్కడ చలికాలం మొదట్లో డ్రైవింగ్ చేసేవాళ్ళని అడగండి, అన్నిటికంటే దేనికి భయపడతారని. మంచు అనరు. మంచు తెల్లగా కనిపిస్తుంది, జాగ్రత్త పడతాం. ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూ ఆడుతున్నప్పుడు తడి రోడ్డు మీద అద్దంలాంటి పల్చటి పొర గడ్డకడుతుంది, అదే బ్లాక్ ఐస్. దానికింద తారు నల్లగా అలాగే కనిపిస్తుంది. రోడ్డు తడిగా ఉందనుకుంటాం, అంతే. చలికాలం టైర్లు వేసుకోవాలని చట్టం ఉంది. ఈ సినిమా వచ్చిన రోజుల్లో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తప్పనిసరి, ఇప్పుడు వాతావరణాన్ని బట్టి నవంబర్ నుంచి మార్చి దాకా. అయినా ఆ పొర మీద బ్రేకు వేస్తే టైర్లు కూడా చేతులెత్తేస్తాయి. దర్శకుడు పెట్రి కోట్విత్సా ఈ పేరు ఊరికే పెట్టలేదని సినిమా పూర్తయ్యాక తెలుస్తుంది. కథ కూడా తనే రాసుకున్నాడు, అందుకేనేమో పేరుకీ, కథకీ, వాతావరణానికీ అతుకులు కనబడవు.

వెలుతురు కూడా కథలో భాగమే. నడి చలికాలంలో హెల్సింకిలో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. పనికి చీకట్లో వెళ్తాం, చీకట్లో ఇంటికొస్తాం. వెలుగు లేని రోజుల్లో కిటికీలన్నీ లోపలినుంచి వెలుగుతుంటాయి, చాలామంది కర్టెన్లు కూడా వేసుకోరు. బయట నిలబడ్డ మనిషి చీకట్లో కలిసిపోతాడు, లోపలున్నవాళ్ళు స్టేజీ మీద ఉన్నట్టు కనిపిస్తారు. గుట్టుగా గమనించే మనిషి కథకి ఇంతకంటే అనువైన ఊరు లేదు. నీలం, బూడిద రంగులు ఎక్కువున్న ఆ దృశ్యాలు చూసి "కావాలని ఇంత దిగులుగా తీశారా" అని ఎవరైనా అడిగితే, నవంబర్లో ఒక వారం వచ్చి ఉండమని చెబుతాను. ఆ నవంబర్, డిసెంబర్లలోనే ఆఫీసుల్లో చిన్న క్రిస్మస్ పార్టీలు జరుగుతాయి. మందు పారుతుంది, మర్నాడు ఎవరూ ఎవరి మొహం చూసుకోరు. సంసారాల్లో ఎన్నో రహస్యాలు ఆ పార్టీల్లోనే మొదలవుతాయని ఇక్కడివాళ్ళే జోకులేస్తారు.

సంగీతం ఐక్కా టొప్పినెన్ చేశాడు. పెద్ద వయొలిన్‌లాంటి వాయిద్యాలు, చెల్లోలు, నాలుగింటితో మెటాలికా అనే రాక్ బృందం పాటలు వాయించి పేరు తెచ్చుకున్న అపోకలిప్టికా బృందం ఉంది చూడండి, దాన్ని మొదలుపెట్టింది ఇతనే. హెల్సింకిలోని సిబెలియస్ అకాడమీలో చదువుకునే కుర్రాళ్ళు 1993లో సరదాకి మొదలుపెట్టిన గుంపు అది. ఈ సినిమా సంగీతానికి అతనికీ యుస్సి వచ్చింది. భయపెట్టడానికి హఠాత్తుగా మోగే చప్పుళ్ళతో పని నడిపించలేదు. ఒక్కటే చిరాకు, కొన్ని చోట్ల నటి మొహం అప్పటికే చెప్పేసిన సంగతిని సంగీతం మళ్ళీ చెబుతుంది. మేయెన్‌పా మొహం ఉండగా అంత సాయం అక్కర్లేదు.

పేచీలు మొదలుపెట్టాను కాబట్టి మిగిలినవీ చెప్పేస్తాను. మొదటి సగం గడియారంలా నడుస్తుంది. ప్రతి అబద్ధం ఇంకో అబద్ధాన్ని కంటుంది, ఒక్కటీ అదనంగా అనిపించదు. రెండో సగంలో యాదృచ్ఛికాలు పెరుగుతాయి. ఎవరు ఎప్పుడు ఎక్కడికి రావాలో కథకి అవసరమైనప్పుడల్లా వచ్చేస్తుంటారు. చివరి అరగంటలో అప్పటిదాకా గుసగుసగా మాట్లాడిన సినిమా గొంతు పెంచుతుంది. కొందరికి అదే నచ్చుతుంది, ఇంతసేపు బిగబట్టిన ఊపిరి ఎక్కడో వదలాలి కదా అంటారు. నాకు మాత్రం ఆ గుసగుసే చివరిదాకా సాగితే బాగుండేదనిపించింది. నేను చూసిన జీవితంలో ఇలాంటి విషయాలు పేలవు. కొన్నేళ్ళపాటు డైనింగ్ టేబుల్ దగ్గర మౌనంగా కూర్చుని ఉంటాయి.

అలాగే ముగింపు గురించి మా వార్డులో ఆవిడకీ నాకూ పడలేదు. చివర్లో సినిమా సారాని క్షమించేసిందని ఆవిడ అంటుంది. అస్సలు క్షమించలేదని నేనంటాను. విషయం చెప్పకుండా ఇంతకంటే వివరించలేను.

2008లో బెర్లిన్ చిత్రోత్సవంలో పోటీ విభాగానికి వెళ్ళిన సినిమా ఇది. అక్కడి అత్యున్నత బహుమతి బంగారు ఎలుగుబంటి ఆ ఏడు ఒక బ్రెజిల్ సినిమాకి వెళ్ళింది, ఇది ఖాళీ చేతులతో ఇంటికొచ్చింది. చిన్న భాషలో తీసిన సినిమా కాబట్టి ఆ తర్వాత బయటి దేశాల్లో మరుగున పడింది. ఫిన్నిష్ సినిమా అంటే నవ్వని మొహాలు, పొడి హాస్యం అని మాత్రమే తెలిసినవాళ్ళకి ఇది వేరే గది తలుపు తీస్తుంది.

ఎవరు చూడాలి? భార్యాభర్తల మధ్య నడిచే థ్రిల్లర్లు ఇష్టపడేవాళ్ళు, నటన కోసం సినిమా చూసేవాళ్ళు తప్పకుండా చూడండి. పగ అంటే పదిమందిని నరకడం అనుకునేవాళ్ళు దూరంగా ఉండండి. పిల్లలున్నప్పుడు పెట్టకండి. ఫిన్నిష్ కొద్దిగా వచ్చినవాళ్ళకి ఇంకో లాభం ఉంది, ఇందులో మనుషులు రోజూ మాట్లాడుకునేలాగే మాట్లాడతారు, పుస్తకాల భాష కాదు. రాజధాని ప్రాంతంలో ఉన్నవాళ్ళు లైబ్రరీ కార్డు మీద డీవీడీ కోసం అడిగి చూడండి, ఇక్కడ లైబ్రరీలో సినిమాలు తెచ్చుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. రెండు గంటల లోపే అయిపోతుంది, రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టినా నిద్ర చెడదు. కాకపోతే సినిమా అయ్యాక మీ పక్కనున్న మనిషి ఫోన్ వైపు ఒకసారి చూస్తారు. మా ఇంట్లో ఆ రాత్రి రెండు ఫోన్లూ వంటింట్లోనే ఛార్జింగ్‌కి పెట్టాం, ఎవరూ ఎవరినీ అడగకుండానే.